మా అగోసు మావయ్య తిరగేసి చూసినవి

మా అగోసు మావయ్య దేన్నయినా తిరగేసి చూడందే నమ్మేవాడు కాదు. ఆకులో చుట్టిన అకసా, అదే పులిసిన మొక్కజొన్న ముద్ద, చేతికిస్తే ముందు దాని అడుగు చూసేవాడు. చేపను తిరగేసేవాడు, చాపను తిరగేసేవాడు. మీరు కూర్చున్న పీట మీద అనుమానం వస్తే "ఒక్కసారి లేవండి" అని, మీరు లేచేదాకా నవ్వుతూ ఎదురుగా నిలబడి, వెలుతురు చాలదంటూ పీటను పెరట్లోకి పట్టుకుపోయి తెచ్చేవాడు. ఉప్పుకయ్యల ఒడ్డున ఉన్న మా టోవీజీ ఊళ్లో ఆయన వస్తున్నాడంటే చాలు, సంతలో ఆడవాళ్లు తమ సరుకును తామే బోర్లించి పెట్టుకునేవాళ్లు, గొడవ వదిలిపోతుందని.

"పైన అందరూ బాగానే ఉంటారమ్మా," అనేవాడు. "కింద చూడాలి."

అందులో వాడి తప్పేం లేదని మా అమ్మమ్మ వాదించేది. కాళ్లు ముందు బయటికి వచ్చి పుట్టిన మగపిల్లవాడికి మావాళ్లు అగోసు అని పేరు పెడతారు. "అందరూ తలతో వస్తే వీడు పాదాలతో వచ్చాడు. ఇంకెలా ఉంటాడు?" అనేది.

మా నాన్న మా అమ్మను పెళ్లికి అడగడానికి వచ్చిన రోజు కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. సొదాబి సారా సీసాలు, బట్టల మూట పట్టుకుని, ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చున్నాడట నాన్న. పెద్దలు వంశాలు విచారిస్తున్నారు. మావయ్య మెల్లగా వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"బావగారూ, చెప్పులు విప్పండి."

"ఏం, ఏమైనా తొక్కానా?"

"తొక్కితే తొక్కారు. ముందు విప్పండి."

విప్పాడు. మావయ్య రెండూ తిరగేసి, వెలుతురుకు పెట్టి చూసి, పెద్దల వైపు తిరిగి తీర్పు చెప్పాడట. "ఎడమ మడమ ఒక్కటే అరిగింది. కుడి భుజం మీద బరువు మోసే మనిషి. సోమరి కాడు, ఇచ్చెయ్యొచ్చు." వంశాల విచారణ అక్కడితో ఆగిపోయింది. నాన్న నిజంగానే ఉప్పు బుట్టలు మోసేవాడు.

ముప్పై ఏళ్లు పట్నంలో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేయడం వల్ల ఆయనకు ఆ గుణం ముదిరింది. "మేకంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు," అనేవాడు. "రేపు చస్తాననగా కూడా ఇవాళ పెద్దమనిషిలా నములుతూ ఉంటుంది. పొట్ట కింద చూస్తేగానీ దాని బండారం బయటపడదు."

ఇంత మంది బతుకుల్ని తిరగేస్తూ పోయిన మనిషి పాముల్ని మాత్రం ఎందుకు వదులుతాడు?

మా అమ్మ హువెఫా మా వంశపు పాముల ఇంటికి కాపరి. మట్టిగోడల గుండ్రటి ఇల్లు, పెంకుల కప్పు, లోపల పదకొండు మంది. కొండచిలువలే గానీ గజమున్నర పొడుగు దాటని చిన్నజాతి. కొత్తవాళ్లు ముట్టుకుంటే బంతిలా చుట్టుకుని తల దాచుకునే సిగ్గరులు. అందరిలోకీ పెద్దవాణ్ణి తాత అంటాం. చీకటి పడితే వాళ్లు షికారుకు పోతారు, తెల్లారి వస్తారు. ఎవరైనా మీ ఇంట్లో కనబడితే మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టి, మెడలో వేసుకుని, ఆ రోజే తీసుకొచ్చి మా అమ్మకు అప్పగించాలి.

ఊరంతా తాతకు దండం పెట్టి వెళ్లిపోయేది. మా మావయ్య దండం పెట్టి, "ఏదీ తాతా, పొట్ట," అనేవాడు.

"తాత పొట్ట చూస్తావా! కళ్లు పోతాయిరా!" అని మా అయాబా పెద్దమ్మ గుండెలు బాదుకునేది. ఆమె మా అమ్మకు వరసకు అక్క. పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఉప్పు వండుకుంటూ ఒక్కతే ఉండేది. పాముల ఇంటి తాళంచెవి మా అమ్మ నడుముకు కాక తన నడుముకు వేలాడాల్సిందని ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

"కళ్లు పోతే నీకు పని తగ్గుతుంది అయాబక్కా, నీ బుట్టలు తిరగేసేవాడు ఉండడు," అనేవాడు మావయ్య.

వానలు విడవకుండా కురిసిన ఏడు, తాత షికారుకు పోయి తిరిగి రాలేదు. ఒక రోజు కాదు, ఎనిమిది రోజులు. అమ్మ నాకూ మావయ్యకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. నేనప్పుడు ఊరి బడిలో పంతులమ్మను. పాఠం చెబుతూ కూడా కిటికీలోంచి గట్ల వైపు చూస్తుండేదాన్ని. తొమ్మిదో రోజు పొద్దున్నే గడప మీద చుట్టుకుని ఉన్నాడు తాత, ఎక్కడికీ పోనట్టు. అమ్మ ఏడ్చి, నవ్వి, నేల మీద సాగిలపడింది. మావయ్య వచ్చి తిరగేశాడు.

"అక్కా, ఇటు రా."

"మళ్లీ ఏం మొదలెట్టావురా?"

"పైన చూడు, తేనెరంగు, పెళ్లికొడుకులా ఉన్నాడు. కింద చూడు. ఈ మూడు పొలుసులు ఎర్రగా కందాయి. దీని అంచు లేచింది. ఇదిగో, నీటిపొక్కు." ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. "తడిసిన గోనెసంచి వాసన."

కందిన చోట్లు చాప అల్లినట్టు ఒక వరసలో ఉన్నాయని నాకు అనిపించింది. మావయ్య వాటిని చాలాసేపు చూశాడు. పొలుసుల సందులోంచి ఒక తెల్లటి గింజను గోటితో తీసి, వేళ్ల మధ్య నలిపాడు. ఏమిటది అంటే "ఏం లేదు" అన్నాడు. దేని గురించైనా గంటసేపు చెప్పే మనిషి అలా అనడం నాకు వింతగా తోచింది.

అమ్మ గొంతు తగ్గించింది. "అగోసూ, ఊరేగింపు నలభై రోజుల్లో ఉంది. దా కాక్పో తాతను రెండు చేతుల మీదా ఎత్తి ఊరందరికీ చూపిస్తాడు." దా అంటే మా వంశపెద్ద. "తాత ఒంటి మీద పుండు కనబడితే..." ఆమె చెయ్యి నడుమున ఉన్న తాళంచెవి మీదికి పోయింది. కాపరి చేతిలో తాత పాడైతే తాళం చేతులు మారుతుంది. అమ్మమ్మ తన ఆఖరి రోజున తన చేతుల్తో అమ్మ నడుముకు కట్టిన తాళంచెవి అది.

"తాళం సంగతి తర్వాత," అన్నాడు మావయ్య. "ఇది నెత్తుట్లోకి దిగితే అసలు తాతే ఉండడు."

ఇక మావాళ్లు మాత్రమే చేయగల తప్పు ఒకటి మా అమ్మ చేసింది. తాతకు కోపం వచ్చిందనుకుంది. కోపం వస్తే ఏం చేస్తాం? చల్లారుస్తాం. పొద్దున ఒక కుండ నీళ్లు నేల మీద పోసి మొక్కింది, మధ్యాహ్నం సొదాబి పోసి మొక్కింది, సాయంత్రం తాటినూనె పోసి మొక్కింది. మొక్కులున్న వాళ్లు వచ్చి తమ వంతు పోసి పోయారు. ఐదు రోజుల్లో మూడు పొక్కులు తొమ్మిదయ్యాయి. తాత తిండి మానేసి మూలకు పోయి పడుకున్నాడు.

ఆ ఆదివారం మావయ్య లోపలికి వచ్చి నేల మీద అరచెయ్యి ఆనించి, ఎత్తి చూపించాడు. బురద.

"ఇది శాపం కాదక్కా, తడి. ప్రేమ ఎక్కువై తాతను నానబెట్టారు. రాత్రీ పగలూ తడి గుడ్డలో పడుకోబెడితే నీ ఒళ్లయినా ఇలాగే అవుతుంది."

"మొక్కు ఆపమంటావా? నేనా? కాపరినై ఉండి?"

"ఆపొద్దు. చోటు మార్చు."

బయట గుమ్మం పక్కన ఒక పెద్ద మట్టికుండను బోర్లించాడు. ఆ రోజునుంచి పోసేది ఏదైనా ఆ కుండ వీపు మీద పొయ్యాలి, లోపల చుక్క పడకూడదు. ఈ సంగతి గంటలో దా కాక్పోకు చేరింది. ఆయన తెల్ల టోపీ, చేతికర్రతో స్వయంగా వచ్చాడు.

"అగోసూ, ఈ కుండ ఎవరు పెట్టమన్నారు?"

"తాత చెప్పాడు పెద్దయ్యా."

"నా వయసు డెబ్భై ఎనిమిది. నాతో ఒక్కసారీ మాట్లాడని తాత నీతో ఎప్పుడు మాట్లాడాడు?"

"నోటితో మాట్లాడలేదు పెద్దయ్యా. పొట్టతో మాట్లాడాడు. మీరెప్పుడూ అటు చూడలేదు."

పెద్దాయన కర్రతో కుండను తట్టి చూశాడు. తర్వాత జేబులోని సొదాబి సీసా మూత తీసి మొదటి చుక్క తనే పోశాడు. "ఊరేగింపు రోజు నేనూ చూస్తాను," అని వెళ్లిపోయాడు. అది ఒప్పుకోలో బెదిరింపో మాకు తెలియలేదు.

మర్నాడు మావయ్య తాతను చొక్కా లోపల పెట్టుకుని పట్నం బండి ఎక్కాడు. మా బళ్లలో నలుగురి చోట ఏడుగురు కూర్చుంటారు. రెండో మైలు దగ్గర తాత చొక్కా గుండీల మధ్యనుంచి తల బయటపెట్టాడు. ఒక్క నిమిషంలో ఆరుగురూ ముడుచుకుని మావయ్యకు సీటంతా వదిలేశారు. డ్రైవరు టోపీ తీసి, గుంతలు తప్పించుకుంటూ పెళ్లికూతుర్ని తీసుకుపోతున్నట్టు నడిపాడట. దిగేటప్పుడు చేతులు జోడించి, "మళ్లీ ఎప్పుడొస్తారు బాబాయ్? ఈ ఒక్క పూట నా ఇంజను దగ్గలేదు," అన్నాడట.

డాక్టరు చూసి, రక్తంలోకి దిగలేదు గానీ దిగేలా ఉందని చెప్పి సూదిమందు ఇచ్చాడు. మూడు రోజులకోసారి, ఒంటి ముందు భాగంలోనే పొడవాలి, వెనక వైపు కాదు. ఆ సూది మావయ్యే వేసేవాడు. వేసే ముందు తాతను క్షమాపణ అడిగేవాడు. వేసిన తర్వాత తన చెయ్యే నొప్పి పెట్టినట్టు రుద్దుకునేవాడు.

మిగతా పని అమ్మది. నేల మట్టి తవ్వి పారబోశాం, ఎండిన ఇసుక పరిచాం, దాని మీద కాగితాలు. నేను బడిలోంచి పాత పత్రికలు మోసుకొచ్చేదాన్ని. తాత ఒక రోజు ఫుట్‌బాల్ మీద, ఒక రోజు వాతావరణం మీద పడుకునేవాడు. కాగితం పొద్దునా సాయంత్రం మార్చాలి, తడి తగిలితే అప్పటికప్పుడు మార్చాలి. ముంతెడు వేణ్ణీళ్లు సీసాలో పోసి, గుడ్డ చుట్టి, పక్కన పెట్టాలి. రోజూ అయోడిన్ మందు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక పుండ్లకు పూతమందు రాయాలి.

"టించరు వద్దక్కా, మండుతుంది. ఇది నీళ్ల మందు. పలచటి టీ రంగు రావాలి. కాఫీ రంగు వస్తే పారబొయ్యి."

పదో రోజున సరిగ్గా ఆ పావుగంటలోనే అయాబా పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. బేసిన్‌లో గోధుమరంగు నీళ్లు, మధ్యలో తాత, పక్కన గుడ్డ పట్టుకుని అమ్మ.

"తాతకు టీ పోశారా!"

"తాగడానికి కాదక్కా, స్నానానికి," అంది అమ్మ.

"పంచదార వెయ్యలేదులే," అన్నాడు మావయ్య.

పెద్దమ్మ నవ్వలేదు. తాత వంక, బేసిన్ వంక మార్చి మార్చి చూసింది. "ఏమైంది ఆయనకు? ఎప్పటినుంచి?" అంది. గొంతు వేరేగా ఉంది. ఎవరూ జవాబు చెప్పకముందే గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. "ఇక తాళం పోయినట్టే," అని అమ్మ గుడ్డతో కళ్లు తుడుచుకోబోతే మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆ గుడ్డకు మందుంది. నా చొక్కాతో తుడుచుకో."

ఇరవయ్యో రోజుకు తాత కళ్లు పాలనీళ్లలా తెల్లబడ్డాయి. కుబుసం విడవబోతున్నాడు. "లాగొద్దు, తొందరపెట్టొద్దు. ఆయన చొక్కా ఆయనే విప్పుకుంటాడు," అన్నాడు మావయ్య. విడిచాడు. తొమ్మిది పొక్కుల్లో ఆరు దాంతోపాటే పోయాయి. ముప్పై ఎనిమిదో రోజున మళ్లీ విడిచాడు. పొట్ట తెల్లగా వచ్చింది. ఆ రోజే ఎలుకపిల్లను మింగాడు. మావయ్య వాకిట్లో కుండ చుట్టూ చిందు వేశాడు. మచ్చలు మాత్రం మిగిలాయి. పొడి మచ్చలే, నొప్పి లేనివే. కానీ కనబడతాయి.

ఊరేగింపు రోజు తెల్లబట్టల్లో ఊరంతా చేరింది. డప్పులు ఆగాయి. దా కాక్పో తాతను రెండు చేతుల మీదా ఎత్తాడు. ఎండలో తాత తేనెలా మెరిశాడు. ఆడవాళ్లు సంబరంగా కూతలు వేశారు. అమ్మ హమ్మయ్య అనుకోబోతోంది.

"పెద్దయ్యా, తిరగేసి చూపించండి!" అని అయాబా పెద్దమ్మ గొంతు వినబడింది. "పైన అందరూ బాగానే ఉంటారట. కింద చూడాలట. మన అగోసు రోజూ చెప్పే మాటేగా!"

జనం నవ్వారు. మావయ్య ముందుకు వచ్చాడు. ఎన్నడూ లేంది, ఆ ఒక్కసారి తిరగెయ్యడానికి ఆయన తొందరపడలేదు. తాతను అందుకుని మెల్లగా పొట్ట పైకి తిప్పాడు. దా కాక్పో వంగాడు. చాప అల్లినట్టు, ఒక వరసలో, చిన్న చిన్న చదరపు మచ్చలు.

"ఏమిటివి?"

నేను అయాబా పెద్దమ్మ వైపు చూశాను. ఎందుకో ఆమె నోరు తెరుచుకుని ఉంది. మావయ్య కూడా ఆమె వైపే చూస్తున్నాడు. చూస్తూనే, ఊరంతా వినేలా చెప్పాడు.

"తాతకు జబ్బు చేసింది పెద్దయ్యా. మా ఇంటి నేల తడి. మేమే మొక్కులు పోసి పోసి తెచ్చిపెట్టాం. మా అక్క నెలకు పైగా ఆరబెట్టి నయం చేసింది. తప్పు మాదే, నయం చేసిందీ మేమే. ఇక మీ ఇష్టం."

పెద్దాయన ఆ మచ్చల్ని వేలితో తడిమాడు. తర్వాత అమ్మను పిలిచాడు. "చేతులు చాపు, హువెఫా." చాపింది. ఆయన వాటిని పట్టుకుని తిరగేశాడు. అరచేతులు అయోడిన్‌తో మణికట్ల దాకా గోధుమరంగు.

"తాళం ఉన్నచోటే ఉంటుంది," అన్నాడు. "ఆ కుండ కూడా."

డప్పులు మోగాయి. ఆ సందట్లో కూడా మావయ్య ఒక డప్పు తిరగేసి చూస్తున్నాడు.

మర్నాటినుంచి అయాబా పెద్దమ్మ రోజూ ఒక బుట్టెడు ఎండిన ఇసుక తెచ్చి పాముల ఇంటి ముందు పోసి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. పందొమ్మిదేళ్లు తెచ్చింది. ఎందుకో మాకు తెలియలేదు.

పోయిన ఏడు వానల ముందు మావయ్య పోయాడు. ఆయన నవ్వు తప్ప అన్నీ ఇంట్లోనే ఉన్నట్టు అనిపించేది కొన్నాళ్లు. ఆయన్ను సాగనంపే రోజు వాకిట్లో జనం ముక్కాలిపీటల మీద కూర్చున్నారు. ఎవరి పీట వారే తెచ్చుకున్నారు, మా దగ్గర అంతే. అయాబా పెద్దమ్మ లేచి నిలబడి మాట్లాడతానంది.

"ఆ ఏడు వానల్లో తాత మా ఇంటికొచ్చాడు," అంది. "ఆ రోజే తెచ్చి ఇవ్వాలి. ఇవ్వలేదు. నా ఇంటికి ఎవరొస్తారు? తాత నన్ను చూడ్డానికి వచ్చాడనుకున్నాను. ఉప్పునీళ్లు వడకట్టే బుట్టలో పడుకోబెట్టి, రోజూ మొక్కుకుని నీళ్లు పోశాను. ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు భయమేసి గడప మీద వదిలి పారిపోయాను. ఆ మచ్చలు నా బుట్ట అల్లిక. ఊరంతటి ముందూ నేనే తిరగెయ్యమన్నాను. వాడికి తెలుసు. నా బుట్టలన్నీ వాడు తిరగేసినవే. ఒక్క మాట చెబితే..." ఆగిపోయింది. మా అమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

పెద్దమ్మ ముక్కు తుడుచుకుని, మాట మార్చడానికన్నట్టు తన పీటను తీసి తిరగేసింది. పీట అడుగున, విరిగిన కాలుకు రేకుముక్క వేసి నాలుగు చిన్న మేకులు కొట్టి ఉన్నాయి.

"ఇది నేను వేయించలేదే," అంది.

ఆమె పక్కావిడ లేచి తన పీట తిరగేసింది. పగులుకు లక్క పూసి ఉంది. మూడోవాడు లేచాడు, నాలుగోవాడు లేచాడు. ఏళ్ల తరబడి "ఒక్కసారి లేవండి" అన్న మనిషి ఆ ఒక్కసారిలో ఏం చేసి వెళ్లేవాడో మాకు అప్పుడు తెలిసింది. వాకిలంతా జనం పీటలు బోర్లించి పట్టుకుని నిలబడ్డారు. దా కాక్పో, తొంభై ఏడేళ్ల మనిషి, తనూ లేచి కర్ర పట్టుకుని ఊగుతూ, "కూర్చోండర్రా, ఇది చావిల్లు!" అని అరిచాడు. ఎవరూ కూర్చోలేదు. ఆఖరికి ఆయనా తన పీట తీసి తిరగేశాడు. చూసి, తల ఊపుకుంటూ దాన్ని చంకన పెట్టుకున్నాడు.

అప్పుడే వడ్రంగులు కొత్త శవపేటిక మోసుకొచ్చారు. పైన నున్నగా, మెరుగుపెట్టి, ఇత్తడి పిడులతో చాలా బాగుంది.

"ఆగండి!" అంది అయాబా పెద్దమ్మ.

నలుగురి చేత దాన్ని బోర్లా తిప్పించింది. కొంగు దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఈ చివరినుంచి ఆ చివరికి అరచేత్తో తడిమింది. ఒక చోట ఆగింది.

"ఇక్కడ మేకు పైకి లేచింది. సుత్తి ఇవ్వండి."

ఇచ్చారు. రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ తడిమి చూసింది.

"ఆ. ఇప్పుడు పడుకోబెట్టండి."